ఏడో గుంట

ముందు రుచి చూడాలి.
పార గుచ్చిన చోట ఊరిన నీటిని
చూపుడువేలితో తీసి నాలుక చివర పెట్టుకోవాలి.
చేపలు కడిగిన నీళ్లంత ఉప్పైతే పరవాలేదు,
చేపలు ఊరేసిన నీళ్లంత ఉప్పైతే తుంగ రాదు.
ఇది నాకు మా అత్త దొమితీలా చెప్పింది.
చెప్పలేదు నిజానికి,
తడి వేలు తెచ్చి నా నోట్లో పెట్టింది.

పెరూ ఉత్తరపు ఒడ్డు మాది.
వాన ఏ పదేళ్లకో పాత బాకీలా వచ్చి
గోడలు కూల్చి పోతుంది.
మేం బతికేది నేల కింది నీళ్ల మీద.
ఇసుకలో నిలువెత్తు తవ్వితే
కొండల నించి చీకట్లో నడిచొచ్చిన నీళ్లు
సముద్రం గడపలో కాసేపు ఆగి కనబడతాయి.
అక్కడ ఇంటికో గుంట.
మాది ఏడోది, సముద్రం వైపు నించి లెక్కపెడితే.
మేం ఎప్పుడూ అటు నించే లెక్కపెడతాం.

తొతొరా అంటాం ఈ తుంగని.
గుండ్రమో మూడంచులో తేల్చుకోని కాడ,
లోపలంతా గాలి.
విత్తనం చల్లం. పాత దుంపని పిలకతో సహా కోసి
మోచేతి దాకా బురదలోకి దించి
అరచేత్తో అదిమి పట్టుకుంటాం.
కాలితో తొక్కకూడదు.
తొందరపడి వదిలేస్తే పైకి తేలుతుంది.
తేలడం దాని పుట్టువిద్య,
వేరుకి మాత్రం కొన్నాళ్లు మరిపించాలి.

తర్వాత ఏముంది, కాపలా.
గాలి తెచ్చిన ప్లాస్టిక్ సంచులు ఏరడం,
మొనలు పసుపెక్కాయేమో చూడటం,
నీటికోడి గుడ్లు పెట్టిన మూలని
ఈ కోతకి వదిలేయడం.

కోసేటప్పుడు నీటికి జానెడు పైన.
మా ఆయన నీటి అడుగున కోసేవాడు, పొడుగు కలిసొస్తుందని.
మరుసటేడు ఆ వరస లేవలేదు.
మోడులోంచే కదా వేరు ఊపిరి తీసుకునేది,
ముంచితే మునిగి చచ్చింది.
రోజూ సముద్రంలోకి పోయే మనిషికి
ఈ మాట ఇంకొకరు చెప్పాలా?

నాలుగు కట్టలు, పైకి లేచిన ముక్కు, పడవ.
నెల్లాళ్లు తేలుతుంది,
ఆపైన నీళ్లు తాగి, గర్భిణిలా బరువెక్కి, ఒడ్డున కూలబడుతుంది.
ఈలోగా ఇంకో పడవకి కాడలు ఎండాలి.
గుంటకి ఆదివారం లేదు.

ఆగస్టు పోటులో
ఒకటి, రెండు, మూడు గుంటలు
తెల్లారేసరికి చదునైన ఇసుక.
మూడోది ఫౌస్తీనో పిమించూమోది.
అతను మా వల కోశాడని పద్నాలుగేళ్లుగా మాటల్లేవు.
కోశాడో లేదో నాకు తెలీదు.
కోశాడన్న మనిషి పోయి నాలుగేళ్లు,
పంతం మాత్రం నా పేర రాసి పోయాడు.

వచ్చాడు. చేతిలో ఖాళీ గోనె.
అడగలేదు.
గట్టు దిగి, వంగి,
నా గుంటలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.
"ఉప్పు పెరిగింది" అన్నాడు.

పద్నాలుగేళ్లకి మొదటి మాట.
రెండు వారాలుగా నాకు తెలుసు,
నా నోటితో నేను అనలేదు, అంతే.

పంతొమ్మిది దుంపలు ఇచ్చాను.
నాసివి ఇద్దామనే వంగాను,
చేయి ఎందుకో మంచివే తీసింది.
రోడ్డుకి అవతల, ఫుట్‌బాల్ మైదానం వెనక
అతను ముందే తవ్వుకున్నాడు.
రుచి చూశాను. బాగున్నాయి, కొంచెం ఇనుము వాసన.
మొదటి దుంప పెట్టి కాలు ఎత్తాడు.
"తొక్కకు!"
అరిచాక తెలిసింది, అది మా అత్త గొంతు.
చేత్తో అదిమి పట్టుకున్నాడు,
దోమలు కుడుతున్నా వదల్లేదు.

చివరి దుంపలు రెండు మిగిలాయి.
"ఇవి నీకు, ఆ పక్కన" అని
చోటు చూపించి, పార నా వైపు తిప్పాడు.

ఇప్పుడు పిల్లలు రోడ్డు వైపు నించి లెక్కపెడుతున్నారు.
అటు నించి అతనిది ఒకటోది.
నేను ఇంకా తవ్వలేదు.
పార మాత్రం వెనక్కి ఇవ్వలేదు.