నాలుగు చిన్న ఫోటోలు

అడుగు, అన్నాడు బెర్త్రాన్,
తీసుకోవచ్చా అని ఆమెని అడుగు.
నేను అడగలేదు.
"ఈయన ఫోటో తీస్తాడు" అన్నాను మా భాషలో.
అడగడానికీ చెప్పడానికీ మధ్య
మాకు ఒక్క చిన్న మాటే తేడా.
ఆ మాట మింగేశాను.
రోజుకూలి దుబాసీని,
ఎండ నడినెత్తికి రాకముందే పని తెమలాలి.

అంతనానరివో అంచున రాతిగుంట.
పాత టైర్లు కాల్చి మగవాళ్ళు బండని పగలదీస్తారు,
ఆడవాళ్ళు కంకర కొడతారు.
బకెట్టుకి ఇంతని.
రజాఫియారిసూవా బకెట్టు సగంలో ఉంది.

నవ్వొద్దని చెప్పు, అన్నాడు.
అది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.
ఆమె నవ్వుతోంది మరి.
ఆయన బూటు బురదలో ఊడిపోయి
ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు ఇందాక.
నవ్వు ఆపుకోబోతుంటే కంట్లో రాతినలుసు పడింది.
నీళ్ళు కారాయి.
క్లిక్కు.

ఆ నీళ్ళే ఇప్పుడు లియాన్‌లో ఒక గోడమీద
తలుపంత ఎత్తున వేలాడుతున్నాయి.
కింద "రాళ్ళు కొట్టే స్త్రీ, మడగాస్కర్" అని ఉందట.
పేరు రాసిచ్చాను నేను, అక్షరం అక్షరం.
పొడుగైపోయిందట.

ఆ రోజు ఆమె కూడా ఒకటి అడిగింది.
కూతుర్ని ముందుకు తోసి
(ఫితియావనా, ఎనిమిదేళ్ళది,
అప్పటికే నీళ్ళద్ది జుట్టు అణిచేసింది)
బడి దరఖాస్తుకి నాలుగు చిన్న ఫోటోలు కావాలి,
వెనక తెల్లగా ఉండాలట,
స్టూడియోవాడికి తొమ్మిది బకెట్ల డబ్బు పొయ్యాలి,
ఈయన దగ్గర అంత పెద్ద కెమెరా ఉంది కదా అంది.
ఇది అనువదించాను. ఒట్టు.
బెర్త్రాన్ మంచివాడే, మొహం ఎర్రబడింది.
నేను అలాంటివి తీయనని చెప్పు,
నొచ్చుకోకుండా చెప్పు.

వెలుగు మళ్ళించే తెల్లగుడ్డ
అంతసేపూ నా చేతుల్లోనే ఉంది,
పిల్ల వెనక పడితే సరిగ్గా సరిపోయేంత.
మడతపెట్టి సంచిలో పెట్టాను.
ఆ రోజు నా కూలి తొంభై బకెట్లు.
ఆ లెక్క ఇంటికెళ్ళేదాకా తట్టలేదు.
తట్టలేదనడం కూడా అబద్ధమే.

మొన్న మళ్ళీ వెళ్ళాను,
చంకలో తెల్ల దుప్పటి, జేబులో ఫోను.
గడువు దాటిపోయింది, అంది రజాఫియారిసూవా
సుత్తి ఆపకుండా.
అయినా పిల్లని పిలిచింది.

ఆ చిన్న మాట ఈసారి మింగలేదు.
తీయొచ్చా, అన్నాను పిల్లతోనే.
ఫితియావనా దుప్పటి కేసి చూసింది,
నా కేసి చూసింది,
ఇంకా ఆలోచిస్తోంది.