తూకం రిజిస్టరు వెనక పేజీలు

పోర్టు గేటు బయట వేబ్రిడ్జి గుమస్తాని.
పగలంతా బొగ్గు లారీలు:
ఖాళీగా ఎంత, నిండుగా ఎంత,
తేడా ఎంత.
శనివారం రాత్రి, వన్‌టౌన్‌లో మా డాబా మీది గదిలో
అదే రిజిస్టరు వెనక నుంచి తిప్పి
మంత్రాల లెక్క రాస్తాను.

కొన్న పుస్తకంలో మాయ మరీ చవక.
పాయింట్లు ఖర్చయితే
ఓ కునుకు తీస్తే చాలు,
పొద్దున్నకి మాంత్రికుడు మళ్ళీ నిండుకుండ.
నేను నమ్మను.
మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు.

అందుకని మా ఇంటి కట్టుబాటు వేరు:
మంత్రానికో మాట.
వేసినవాడు ఆ మాట తెల్లారేదాకా పలకకూడదు
ఆటలోనూ, ఆట బయటా.
నిప్పు కురిపించావా, "ఉప్పు" ఇచ్చెయ్.
ఆ తర్వాత మసాలా ముంతలో అది తగ్గితే
సైగలే గతి.

మొదటివారమే పోలారావు దొంగదారి కనిపెట్టాడు.
రాక్షసబల్లిని పడగొట్టి
దర్జాగా "హిమపాతం" ధారపోశాడు.
"ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు విప్పుకునేవాడివి,
నీకెందుకురా హిమపాతం?" అన్నాడు నజీర్.
"అందుకే ఇచ్చీసేను మరి."
ఆ రాత్రే ఎర్రసిరాతో రాశాను:
పొద్దుట్నుంచి ఒక్కసారైనా
నోట్లోంచి వచ్చిన మాటే చెల్లుతుంది.

ఇంటర్ చదివే హైమది ఇంకో పేచీ.
ఉప్పు ఇచ్చినవాడు లవణం అనొచ్చా?
మూడు శనివారాలు వాదన.
తీర్పు: అనొచ్చు,
నవ్వకుండా అనాలి.
ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.

కిందపడి మంచం కిందకి దొర్లిన పాచిక చెల్లదు.
రాత్రి కిటికీలోంచి బొగ్గుపొడి వచ్చి
పటం మీద ఏ ఊళ్ళని కప్పితే
ఆ ఊళ్ళు ఆ వారం ఎవరికీ కనపడవు.
తుడవకూడదు.

ఎస్తేరు కేజీహెచ్‌లో నర్సు.
డ్యూటీ లేని శనివారాలే వస్తుంది.
వైద్యురాలి పాత్ర ఇచ్చి
ఒక్క మాటతో గాయం మాయమవుతుందని చెబితే
పాచిక కింద పెట్టేసింది.
"కుట్లేసిన చెయ్యి ఒక్క రాత్రిలో కలవదండీ.
పక్కన మనిషి కూర్చుంటే
కాస్త తొందరగా కలుస్తాది, అంతే."
అప్పట్నుంచి మా లోకంలో మాన్పే మంత్రం లేదు.
కూర్చోవడం ఉంది.
గాయపడ్డవాడి పక్క కుర్చీలోకి మారి
మూడు వంతులు పాచిక ముట్టకుండా
ఊరికే ఉండాలి.
దాని బరువు నేనింకా తూచలేదు.

చచ్చినవాణ్ణి లేపడానికి ధర ఎంత?
ఆ గడి ఖాళీ.
పెన్సిలు తీసిన ప్రతిసారీ
ఎవరో ఒకరు టీ పెట్టమంటారు.

మొన్న కార్తీకంలో, గాలివానకి కరెంటు పోయింది.
గుహలో పోలారావు మాంత్రికుడూ చీకట్లోనే ఉన్నాడు.
"వెలుగు" అన్నాడు, మెల్లిగా.
"ధర?" అన్నాను.
కొవ్వొత్తి వెతుకుతున్న హైమ కూడా ఆగింది.
"సముద్రం."

పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అనుంటాడో!
పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లో!
"వేరేది ఇవ్వరా" అంది ఎస్తేరు.
ఈలోగా ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని
వెలిగింది.

"సబ్‌స్టేషన్ ఖాతాలో రాయి" నజీర్.
"కుదర్దు, మంత్రం పలికాకే వచ్చింది" హైమ.
పోలారావు ఏమీ అనలేదు,
బొరుగులు ఏరుకుంటున్నాడు.
నేను రాశాను:
సముద్రం.
ఖాళీ బరువు తెలీదు.

తెల్లారితే గడువు తీరినట్టే.
ఆదివారం మధ్యాహ్నం ఫోను చేశాడు.
"అది బాగోలేదు గురూ.
రేపూ బోట్లు కదలవు,
సాయంత్రం వచ్చీమంటావా, ఆడదాం?"
"ఏది బాగోలేదు?" అన్నాను.

జవాబు లేదు.
ఫోన్లో అతని వెనకాల
అదే
చాలాసేపు.