బెర్గమోట్ మచ్చ

రెజ్జో తీరంలో, బెర్గమోట్ తొక్కల్ని పిండే కొట్టంలో
పనిలో చేరిన మొదటి రోజు
ఫోర్తునాతా నాకు సీసా ఇవ్వలేదు.
కాలరు పక్కకి లాగి మెడ చూపించింది.
చెవి కింది నుంచి జారిన గోధుమరంగు చార,
ఎండిపోయిన వాగులా.

"పదిహేడేళ్లప్పుడు. పడవల పండగ.
చుక్క చాలదనిపించి
దోసిట్లో ఒంపుకుని పూసుకున్నాను.
వాసనకి సవేరియో తల తిప్పాడు.
సూర్యుడూ తిప్పాడు."

నవ్వింది.
"నూనె తప్పూ లేదు, ఎండ తప్పూ లేదు.
ఆ ఇద్దరికీ నా మెడ మీద
పెళ్లిచూపులు పెట్టింది నేనే.
బొబ్బలు మానాయి, ఇది మిగిలింది.
సవేరియోనా? వాడు మిగల్లేదు."

అప్పుడు గరిటెడు ఆలివ్ నూనెలో
ఒకే ఒక్క చుక్క వదిలి
నా మోచేతి మడతలో రాసింది.
"రేపు ఇదే వేళకి చూద్దాం.
దురద పుడితే దాచకు.
ఏమీ రాకపోయినా సరే,
రాసుకున్న రోజు నీడన నడువు."

ఆ రాత్రి మోచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పడుకున్నాను.
పచ్చి తొక్క వాసన, అడుగున కాస్త చేదు.

పొద్దున్నే కిటికీలోంచి ఎండ
మంచం మీదికి పాకింది.
చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.