పాలపొడి డబ్బా

శుక్రవారం మధ్యాహ్నం, ఫర్వానియా,
మూడో అంతస్తు గది. ఏసీ గురకలో
తొమ్మిది మందిమి చాప మీద కూచుంటాం.
మధ్యలో పాలపొడి డబ్బా. అదే మా చీటీ.

పొద్దున పారబోసిన మజ్బూస్
ఇంకా నా గోళ్లల్లో వాసనేస్తోంది.
తాంబాళమంత అన్నం, ముట్టని మాంసం,
నల్లసంచిలో ముడేసి కిందికి దింపినాను.
ముడేసేటప్పుడు ఎప్పుడూ చూపు తిప్పుకుంటాను.

ఈ నెల వంతు హుసేన్‌బీది.
కమ్మలనుకుంది. నాలుగేండ్లుగా అనుకుంటానే ఉంది.
అంతలో ఫోన్లో రెడ్డెమ్మ గొంతు:
"పాసుబుక్కు ఎవరి పేరని అడిగినారు బ్యాంకోళ్లు.
చచ్చిపోయినాయన పేరంటే,
రైతును పిలుచుకోని రమ్మన్నారు."

ఎవరం మాట్లాడలేదు.
దున్నించింది, విత్తింది, కలుపు తీసింది,
అప్పు మోసింది ఆమే.
రైతు మాత్రం ఇంకా రావాల.

హుసేన్‌బీ మూత తీసి
దీనార్లు లెక్కపెట్టకుండానే నా ముందుకు తోసింది.
"కొర్రలకు, అలసందలకు, గొర్రు బాడుక్కు.
చెవులెక్కడికీ పోవులే."

కార్తీకంలో మళ్లీ గొంతొచ్చింది.
మెచ్చుకోలు ఏమీ లేదు.
"వాన సగమే. పంటా సగమే.
రాత్రి పిల్లోళ్లు నలుగురు,
మనోళ్లిద్దరు, గోడవతల ఇద్దరు,
మారు పెట్టమని గిన్నె చాపినారు.
పెట్టినా.
విత్తనం ఎత్తిపెట్టుకున్నా. వచ్చే కారుకు బాడుగే లేదు."

హుసేన్‌బీ చెవి రంధ్రంలో
పాత చీపురుపుల్ల తీసి
కొత్తది గుచ్చుకుంటా అడిగింది:
"ఎంతంట?"