తరుగు

కాంటా గదిల రాత్రి పదకొండున్నర.
ఆఖరి లారీ తూకమై మిర్యాలగూడ బైపాస్ ఎక్కింది.
ఉప్పుడు బియ్యం వాసన
గోడలకింకా తడితడిగ అంటుకొనే ఉన్నది.
కీబోర్డు సందులల్ల ఊక దుమ్ము,
ఒక అక్షరమైతే గుద్దితే గాని పడదు.

మూడేండ్ల నా ప్రోగ్రాం
ఈ ఒక్క ల్యాప్‌టాప్‌లనే బతుకుతున్నది.
బ్యాటరీ ఉబ్బి ఒక మూల పైకి లేచింది,
నానిన వడ్లగింజ లెక్క.
రేపు పొద్దున ఇది లేవకపోతే
బస్తాలు, తేమ, హమాలీ కూలి, లారీ నంబర్లు
అన్నీ దీనితోనే పోతయి.

అందుకే పంపుతున్న.
ఏ దేశంల, ఏ చల్లని గదిల ఉంటదో తెలువదు
నాకిచ్చిన జాగా.
పేరడిగితే వడ్లలెక్క అని పెట్టిన.
ప్రైవేటుదే. చూసేది నేనొక్కదాన్నే.

పుష్ కొట్టిన.
వాపస్ కొట్టింది.
అవతల నీ దగ్గర లేనిదేదో ఉన్నది,
ముందు అది తెచ్చుకో, తర్వాత నీది పంపు, అన్నది.
ఏముందా అని చూస్తే
జాగా తెరిచేటప్పుడు తెలువక పెట్టిన టిక్కుకు
పుట్టిన ఒక ఫైలు,
పేరు తప్ప ఇంకేం లేదు దాంట్ల.
గేటు కాడి మట్టయ్య యాదికొచ్చిండు,
చిట్టీ లేకుంటే ఖాళీ లారీని గూడ లోపలికి రానియ్యడు.
తెచ్చుకున్న. కలిపిన.

మళ్ల పంపబోతూ
ఊరికే, నిజంగ ఊరికే,
పాత కమిట్లు చూసుకుంట కిందికి పోయిన.
"ప్రింటరు సరిగైంది."
"ప్రింటరు సరిగ కాలే."
"సైదులు కూలి బస్తాకు కాదు, క్వింటాలుకు."
నవ్వొచ్చింది.
ఇంకా కిందికి పోతే
రెండేండ్ల కింది యాసంగి, రాత్రి ఎనిమిదిన్నర:
"సేటు చెప్పిండు."

తెరిస్తే ఒకటే వరుస.
తేమ ఎంతున్నా సరే
బస్తాకు కిలో తరుగు కొట్టెయ్యమనే వరుస.
పక్కన నా పేరు, తారీఖు.

నలభై రెండు రోజులు నడిచిందది.
ధీరావత్ హర్యా ఆ రోజులల్లనే వచ్చిండు,
దామరచర్ల అవతలి తండా నుంచి రెండు ట్రాక్టర్లతోటి.
చిట్టీ పట్టుకొని వేళ్ల మీద మూడుసార్లు లెక్కేసుకొని
"మిషినే చెప్పిందా బిడ్డా?" అన్నడు.
మిషినే అన్న.

తర్వాత ఆ వరుస తీసేసిన.
తీసేసిన కమిట్‌కు ఏం పేరు పెట్టిన్నో తెలుసా?
"చిన్న సవరణ."

ఇప్పటి ఫైలుల అది లేదు.
పేరు ముందర చుక్క పెట్టుకొని
కండ్లకు కనపడకుండ కూసునే ఫోల్డర్‌ల మాత్రం
ఎక్కడిదక్కడనే ఉన్నది.
ఆ ఫోల్డర్ చెరిపి మళ్ల మొదలుపెడితే
రెండు నిమిషాల పని.
ఈ రాత్రే పుట్టినంత శుభ్రంగ ఒకటే కమిట్.

నడికుడి దిక్కు గూడ్సు పోయింది.
కాంటా పలక సన్నగ వణికింది.
డబ్బా మీది ఎర్రంకెలు
సున్న నుంచి ఇరవైకి పోయి మళ్ల సున్నకొచ్చినయి,
దాని మీద ఎవరూ ఎక్కకుండనే.

చెరపలే.
మంచితనం అనకుండ్రి.
ఆ ఫోల్డర్ పోతే
ప్రింటరుతోటి కొట్లాడిన రాత్రులు గూడ పోతయి.

ఫోను హాట్‌స్పాట్ పెట్టి కిటికీల ఆనిచ్చిన, రెండు గీతలు.
పన్నెండు శాతం. నలభై. అరవై మూడు.
అరవై మూడు కాడ ఆగింది.
బయట గోనెల మీద సైదులు గురక,
అది గూడ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.
తర్వాత నూరు.

నిద్ర రాలే.
పాత చిట్టీల ఫైలు తీసి
ఆ నలభై రెండు రోజుల పేర్లు, బస్తాలు
ఒక్కటొక్కటే వేరే ఫైలుల కొట్టుకుంట కూసున్న.
హర్యా, నూట ఎనభై ఆరు. అంటే అన్ని కిలోలు.
కమిట్‌కు పేరు: బాకీ.
పుష్ కొడితే ఈసారి అడ్డమేం చెప్పలే.

సేటుకు ఎప్పుడు చూపిస్తనో, అసలు చూపిస్తనో లేదో.
ల్యాప్‌టాప్ మూసిన.
ఉబ్బిన మూల
పూర్తిగ మూతపడలే.