కాంటా ముల్లు

బేగంబజార్‌ల మా దుకాణం వెడల్పు
బాపు రెండు చేతులు చాపితే అయిపోయేంత.
గోడకు పళ్లేలు లేని దండెలు వరసగా వేలాడేవి.
కింద నేను, ఆరో తరగతి లెక్కల పుస్తకం,
చింతపండు వ్యాపారి వదిలిపోయిన పళ్లెం,
ఎంత కడిగినా పోని పులుపు.

బాపు పేరు ఔసుల రాజమౌళి.
బోర్డు మీద ఆ పేరు లేదు,
కాంటా రిపేర్ అని మాత్రం మూడు భాషల్ల ఉండేది.
ఉర్దూల ఒక చుక్క రాలిపోతే
నల్ల పెయింటుతోని తనే పెట్టిండు,
పక్క దుకాణం జహీరుద్దీన్ చాచాను రెండుసార్లు అడిగి.

నాకు నేర్పిన మొదటి పని తుడుచుడు.
రెండోది ఊపిరి ఆపుడు.
"కదులుడు కాదు బిడ్డా,
ఆగే ముందు ముల్లు ఎటు ఆలోచిస్తదో చూడు."
దండె నడుమ కత్తి అంచును
గోటి మీద ఆనిస్తే సన్నటి పొడి రాలాలె.
రాలలేదంటే దానికి మొండితనం వచ్చినట్టు.
ఇగ ఆకురాయి పట్టి ఒక్క దిక్కే తోయాలె,
భుజంతోని కాదు, మణికట్టుతోని.
నా బొటనవేలి మీద ఆ గీతలు ఇంకా ఉన్నయి.

ఇనుముదే అయినా కిలో రాయి అనేటోళ్లం.
దాని కడుపుల ఒక గుంట,
గుంటల కరిగించి పోసిన సీసం,
సీసం మీద తూనికల శాఖ ముద్ర.
తక్కువైతే ఇంత పొయ్యి, ఎక్కువైతే ఇంత గీకు.
నిజమంటే గంతే అనుకున్న, శానా ఏండ్లు.

పాలిటెక్నిక్‌ల సీటొచ్చిన ఏడు
షట్టర్ సగం దించినంక
ఉల్లిగడ్డల సేటు ఒకాయన వంగి లోపలికొచ్చిండు.
ఏం మాట్లాడుకున్నరో వినపడలే.
డ్రిల్లు చప్పుడు వినపడ్డది,
ఎప్పటికన్నా ఎక్కువసేపు.
తెల్లారి ఫీజు కట్టినం.
ఆ పొద్దు బాపు అన్నం సగంలనే లేచిండు.

ఇప్పుడు చర్లపల్లిల నా గది
ఎండకాలమైనా చలికాలమైనా ఇరవై డిగ్రీలు.
రాళ్లను చేతితోని ముట్టను,
మెత్తటి తోలు చుట్టిన చిమటాతోనే.
వేలి చెమటకు కూడ బరువుంటది,
ఆ బరువెంతో నాకు అంకెలల్ల తెలుసు.
గాజు తలుపు మూసి, కుర్చీ వెనక్కి జరిపి
నా ఒంటి వేడి సర్దుకునేదాకా కూసుంట.
రోడ్డు మీద గ్యాస్ లారీ పోతే
ఐదో స్థానం వణుకుతది. మళ్ల మొదలు.

మందుల కంపెనీలోళ్లు నా సంతకం కోసం
గేటు కాడ నిలబడతరు.
కాయితం మీద ఒక అంకె,
పక్కన కూడికా తీసివేతా కలిసిన గుర్తు,
ఇంకో చిన్న అంకె:
ఇందాక తెలుసు, ఇంతకు మించి తెల్వదు.
బాపు అద్దాలు పెట్టుకొని శానాసేపు చూసి
"తెల్వదని రాసిచ్చినా పైసలిస్తరా?" అన్నడు.

ఎలక్ట్రానిక్ కాంటాలను ఆయన ముల్లు లేనియి అనేటోడు.
అయినా నా దగ్గర కూసోని
లోడ్ సెల్ తీగలకు సోల్డరింగ్ నేర్చుకున్నడు.
చేయి వణకలే. కండ్లే సాయం రాలే.

మొన్న దుకాణం ఖాళీ చేస్తుంటే
ఆకురాళ్ల కింద నస్యం డబ్బా దొరికింది.
లోపల సుట్టలు సుట్టలుగా సీసం తురుము,
పాతబడి బూడిదరంగైంది.
ఎందుకు దాసినవని అడగలే.
లాబ్‌కు తీసుకపోయిన,
పెద్ద బ్యాలెన్స్ మీద కాదు,
మూలకున్న పాతదాని మీద పెట్టిన.
సర్టిఫికెట్ లేదు, రిజిస్టర్‌ల రాయలే.

రాత్రి మోకాళ్లకు నూనె రాసుకుంట
"ఎంతున్నది?" అన్నడు, నా దిక్కు చూడకుంట.
నలభై ఒకటిన్నర, అన్న.
"యాభై అడిగిండు వాడు.
నలభై రెండు తీసిన నేను."
కాసేపాగి,
"డబ్బా మూలల ఏమన్న అంటుకున్నదేమో చూడు."

లేచి డబ్బా తెచ్చి
తెల్లకాయితం మీద బోర్లించి
అడుగున ఏలితోని కొట్టిన, ఇంకోసారి కొట్టిన,
ఇద్దరం ఊపిరి ఆపి.