కొక్కెం

లారీ సందులకు వెనక్కొచ్చేసరికి తెల్లారుతున్నది.
జియాగూడ గోడలకూ దానికీ నడుమ బెత్తెడు జాగ.
లోపల ముప్పై ఆరు బేళ్లు:
చేవెళ్ల దిక్కు ఒక మక్కచేను
తెల్ల ప్లాస్టిక్ కప్పుకొని
ఊపిరి బిగబట్టి కూసున్నది.

మొగులప్పను పిలిచింది నేనే.
మలక్‌పేట గంజ్‌ల ఇరవై ఏండ్లు బస్తాలు మోసిన మనిషి.
నడుముకు కొక్కెం, అతని ఆరో వేలు.
"అది తీసి గోడకు తగిలియ్యి" అన్న.
నవ్విండు.
"చెవుల్లేవు, కుట్లు లేవు, దీన్నెక్కడ పట్టాలక్కా?"

సూడి బర్రెను కొట్టంలకు తోలుకపోతం సూడు,
రెండు చేతులు వెడల్పు జేసి,
నెట్టకుండ, ఒరుసుకోనియ్యకుండ.
గట్ల.
దొర్లియ్యకు, కింద కంకరున్నది.
సదురు పక్క మీదనే నిలబెట్టు, అక్కడ చుట్లు ఎక్కువ.
మొన్నటి లోడుకు కాకులే సాలు, ఒక బేలు పోయింది.

ఇరవై మూడోది జారింది.
కొక్కెం గోడకే ఉన్నది,
చెయ్యే కొక్కెమైంది.
బొటనవేలి గోరు, కొమ్ములెక్క గట్టిపడ్డ గోరు,
పొరలన్ని దాటి లోపటికి దిగింది.

ఎవ్వరం చూడలే. అతనే చెప్పిండు.

తుంపర పడుతున్నది. తడి మీద టేపు అంటదు.
భుజం మీది తువ్వాలతోటి తుడిచిండు,
మళ్ల తుడిచిండు,
నేను టేపు అతికించి అరచేత్తోని ఒత్తితే
వంగి చెవి పెట్టిండు.
"ఇగ పీలుస్తలేదు" అన్నడు.
నాకు నవ్వొచ్చింది. నవ్వలే.

నలభై దినాలకు దాన్ని కోసినం.
పిలువకున్నా వచ్చి గేటు కాడ నిలబడ్డడు.
లోపలంతా పసుపుపచ్చ,
పొద్దెక్కిన కల్లు లెక్క పుల్లటి వాసన.
టేపు కింద మాత్రం
అరచెయ్యంత నలుపు.
కొడవలితోటి నలుపు మొత్తం తీసి
పెంటకుప్పల ఏసినం.

మా బూడిద బర్రె శానసేపు మూతి పెట్టి చూసింది.
గంజ్‌ల సేట్లు జొన్నలు కూడ అంత చూడరు.
తర్వాత తిన్నది.
అప్పుడు బీడీ ముట్టిచ్చుకున్నడు మొగులప్ప.

ఇప్పుడు లోడొస్తే అతనే ముందు.
లారీ ఎక్కే పిలగాండ్ల గోర్లు చూస్తడు,
జేబుల బ్లేడు పెట్టుకున్నడు.

కొక్కెం మా గోడకే ఉన్నది.
పాల లెక్క బుక్కు దానికి తగిలిచ్చిన.
తీస్కపో అంటే,
"గంజ్‌కు పోయినప్పుడు చూద్దాం తియ్యక్కా" అంటడు.
గంజ్ ఏం దూరం?
మూసీ దాటితే అదే కదా.